తోడు వచ్చినాయన

“ఆపరేషనైన మనిషి చేత సంచి మోయిస్తారా ఎవరైనా?”

మెట్ల మీద ఖంగుమన్న ఆ గొంతుకి బస్సు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. రైల్వే స్టేషన్లో రైళ్ల రాకపోకలు చదివి చదివి రిటైరైన పెద్దావిడ గొంతు అది. మైకు లేకపోయినా ఆస్పత్రి అంతా వినపడుతుంది. అందరూ ఆవిణ్ణి అనౌన్సరమ్మ అంటారు. ఆవిడకి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. అప్పట్నుంచి ప్రతి శనివారం, ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని ఆస్పత్రి పై గదిలో పోగేసి ధైర్యం చెబుతూ ఉంటుంది.

డ్రైవరు ఒట్టి చేతులతో మెట్లెక్కుతున్నాడు. వెనకాలే భార్య నీళ్ల సీసాలు, మందులు ఉన్న సంచి భుజాన వేసుకుని వస్తోంది.

“పర్లేదండీ, బరువు లేదు” అంది భార్య.

“నువ్వు పర్లేదంటావమ్మా, నీ చెయ్యి అనొద్దూ? ఇంతకీ ఎలా వచ్చారు?”

“స్కూటరు మీద.”

“ఎవరు నడిపారు?”

భార్య సంచి ఇంకో భుజానికి మార్చుకుంది. డ్రైవరు గోడ మీద బల్లిని పరీక్షగా చూశాడు.

“బస్సు నడిపే మనిషి వెనక కూర్చుని, నిన్ను నడపమన్నాడా!”

వాళ్ళు గదిలోకి అడుగుపెట్టేసరికి ఆ కబురు వాళ్ళకంటే ముందే చేరిపోయింది. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళంతా డ్రైవర్ని ఎగాదిగా చూశారు. ఆయన తలొంచుకుని, తోడు వచ్చినవాళ్ళ కోసం వేసిన వెనక బల్ల మీద కూర్చున్నాడు.

ఇక్కడికి రావడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. భార్య పోరు పడలేక వస్తున్నాడు. మొదటి శనివారమే అనౌన్సరమ్మ నేరుగా భార్య దగ్గరికొచ్చి, “ఏ వైపమ్మా?” అని అడిగింది. భార్య మొగుడి మొహం చూసింది. మొగుడు ఫ్యాను వైపు చూశాడు.

“ఎడమవైపండీ” అంది భార్య నిట్టూర్చి.

ఆ రోజు దారిలో గొడవపడ్డారు కూడా.

“అన్నీ నేనే మాట్లాడాలా? మీరూ నోరు విప్పొచ్చు కదా!”

“అంతమంది ఆడవాళ్ళ మధ్య నేనేం మాట్లాడనే? సిగ్గుతో చచ్చిపోతాను.”

డిపోలో ఎవరైనా అడిగినా, “ఇంట్లో ఒంట్లో బాగాలేదు” అని దాటేస్తున్నాడు.

“చంక కింద ఒకటే లాగుతోందండీ. రాత్రుళ్ళు పక్కకి తిరగడానికి లేదు” అంటోంది భార్య ఇప్పుడు.

“నాకూ అంతే ఉండేది” అంటూ టైలరమ్మ లేచింది. తనకి ఆపరేషనై ఏడాది దాటింది. చేత్తో కుట్టిన చిన్న దిండు తెచ్చి భార్య ఒళ్ళో పెట్టింది. “దీన్ని చంకలో పెట్టుకుని పడుకో. హాయిగా నిద్రపడుతుంది. జాకెట్టు లోపల పెట్టుకోడానికి దూది మెత్త కూడా కుట్టిపెడతాను, కొలతివ్వు.”

వెనక బల్ల మీద డ్రైవరుకి పొలమారింది.

“మెత్త వద్దులెండి” అంది భార్య కంగారుగా. “దిండు చాలు.”

“మొహమాటం దేనికే పిల్లా!”

ఇంతలో అనౌన్సరమ్మ చప్పట్లు కొట్టింది. “అందరూ గోడ దగ్గరికి రావాలి! వేళ్ళు మెల్లగా పైకి పాకించాలి. నొప్పి పుట్టిన చోట ఆగాలి.”

భార్య వేళ్ళు గబగబా పాకి గోడ చివరికంటా వెళ్ళాయి. గది గదంతా చప్పట్లు.

“ఇన్నేళ్ళలో ఇంత తొందరగా కోలుకున్న పేషెంటుని చూళ్ళేదు!” అంది అనౌన్సరమ్మ. వెనక గోడ దగ్గర డ్రైవరు కూడా వేళ్ళు పాకిస్తుండటం అప్పుడే ఆవిడ కంట పడింది. ఆయన చెయ్యి సగం దూరంలోనే ఆగిపోయింది.

“పోన్లే, పెళ్ళాంతో పాటు చేద్దామన్న బుద్ధయినా పుట్టింది. కానీ ఎంత బద్ధకమో చూడండి!”

అంతా ఘొల్లుమన్నారు. తలుపు పక్కన కూర్చున్న బ్యాంకమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఆ రోజే మొదటిసారి వచ్చింది. ఆపరేషనై ఎన్నో రోజులు కాలేదు.

“మీరంతా ఎలా నవ్వుతున్నారో నాకర్థం కావడం లేదు” అంది. “నేను అద్దంలో చూసుకోలేకపోతున్నా. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఏదో తప్పు చేసినట్టు దాక్కుంటున్నా.”

టైలరమ్మ వెళ్ళి భుజం మీద చెయ్యేసింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెనక బల్ల వైపు తిరిగింది.

“అన్నా, మీరు చెప్పండి. ఆ గాటు చూస్తే మీకెలా ఉంటుంది? నిజం చెప్పండి.”

డ్రైవరు భార్య వైపు చూశాడు. ఈసారి ఆమె ఆదుకోలేదు. దిండు సర్దుకుంటూ కూర్చుంది.

డ్రైవరు లేచి నిలబడ్డాడు.

“మా ఇంట్లో అద్దం మీద దుప్పటి కప్పేశామమ్మా” అన్నాడు. “స్నానం కూడా లైటు తీసేసే. మొన్న మా ఆవిడ దుప్పటి లాగిపారేసింది. చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత ఆవిడ దగ్గరికొచ్చి చూసి, ‘కుట్లు భలే వరసగా వేశారండీ, మన సోఫా కుట్టినవాడు కూడా ఇంత బాగా వెయ్యలేదు’ అంది. ఏడుస్తూనే నవ్వొచ్చేసింది. ఆ రోజునుంచి దుప్పటి లేదు. అలవాటవుతుందమ్మా. ప్రాణం మిగిలింది, అది చాలదూ?”

బ్యాంకమ్మాయి మొహంలో మొదటిసారి చిన్న నవ్వు కనపడింది. టైలరమ్మ ముక్కు చీదింది. అనౌన్సరమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది.

“తిట్టినందుకు ఏమీ అనుకోకు నాయనా. భార్య బాధని ఇంతగా తన బాధ అనుకునే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు” అని, భార్య వైపు తిరిగింది. “లేమ్మా, ఆపరేషన్ చేయించుకున్నదానివి నువ్వు. నువ్వూ ఈ పిల్లకి రెండు మాటలు చెప్పు.”

భార్య లేవబోయింది. డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

“ఆవిణ్ణి కూర్చోనివ్వండమ్మా” అన్నాడు. “ఆపరేషన్ అయింది నాకు.”