ప్రభువు మాటల వంతు

జమ్మలమడుగు మిషన్ బడిలో ఉపాధ్యాయుడైన ఆనందయ్య ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక వాడుక ఉండేది. బైబిల్లో కథంతా ఆయన చదివేవాడు. ప్రభువు పలికిన మాటలు మాత్రం భార్య సుగుణమ్మ చదివేది.

“నువ్వు సదువుతాంటే పిల్లోల్లను గద్దించినట్ల ఉంటాది అయ్యవారూ. దేవుడు అరిచేది ఏంటికి? మెల్లిగా చెప్పినా గాలీ సముద్రం ఆయన మాట వినలేదా?” అని నవ్వేది.

ఆమె పోయినాక, ఆ మాటలు వచ్చిన చోటల్లా ఆయన గొంతు ఆపి, కళ్ళతోనే చదువుకుని ముందుకు పోయేవాడు.

ఆ సాయంత్రం, చనిపోయిన చిన్నపిల్లను ప్రభువు చెయ్యి పట్టుకుని లేపే కథ వచ్చింది. ఆనందయ్య ఆగాడు. ఈ ఒక్క మాటైనా ఆమె బదులు పలకాలనిపించింది. పలికితే ఏమీ జరగదేమోనని భయం. జరుగుతుందేమోనని అంతకన్నా భయం.

“లెమ్ము,” అన్నాడు, ఆమె చదివినట్టే మెల్లిగా.

ఇంతసేపూ తలుపును కొడుతున్న గాలి నిలిచిపోయింది. లోపలి గదిలో, ఆమె పోయినప్పటి నుంచి ఎవరూ పడుకోని నులకమంచం కిర్రుమంది, ఎవరో లేచి కూర్చున్నట్టు. తర్వాత అడుగుల చప్పుడు, తొందర లేకుండా, ఇటే వస్తోంది.

ఆనందయ్య తల ఎత్తలేదు. చాప మీద కాస్త పక్కకు జరిగి, పుస్తకాన్ని ఇద్దరికీ కనబడేలా తిప్పాడు.