అమ్మమ్మకు అర్థం కాలేదు

ఫెబాను ఏడిపించి ఉద్యోగంలోంచి తీసేసిన వేణుగోపాల్ గారు మూడోసారి గుంటూరు బ్రాడీపేటలోని మా గదికి వచ్చాడు.

చదువురాని రైతులకు మిర్చి ధరలు చదివి వినిపించే ప్రోగ్రాం నా మనవరాలు ఫెబా రాసింది. ఎవరైనా వాడుకోండని నెట్‌లో ఊరికే పెట్టేసింది. అలా పెడితే ఎవడో ఎగరేసుకుపోతాడని నేను రోజూ పోరుతూనే ఉన్నాను. చివరికి ఈయన కంపెనీయే వాడుకుంటోంది.

"మా ఇంజనీర్లు అందులో గొంతు మళ్లీ బాగుచేశారమ్మా. ఊరికే ఇస్తున్నాం, నీ ప్రోగ్రాంలో కలుపుకో" అన్నాడాయన.

"ఇన్నిసార్లు తిరిగి మరీ ఊరికే ఎందుకిస్తాడే? ఏదో మెలిక ఉంటది" అన్నాను.

"మెలికేం లేదమ్మమ్మా. నేను కలుపుకోకపోతే, నేను ప్రోగ్రాం మార్చినప్పుడల్లా వాళ్లు ఇదే పని మళ్లీ చేసుకోవాలి. అందుకని ఇస్తారు" అంది ఫెబా. ఆయన తల దించుకున్నాడు.

చదువురానివాళ్లకు అర్థమైతేనే ఏదైనా కలుపుకోవడం ఫెబా పెట్టుకున్న నియమం. నాకూ చదువు రాదు కనుక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. ఎర్రకాయల ధర, రంగు పోయిన తాలుకాయల ధర చివరిదాకా విన్నాను.

"ఈసారి కూడా నాకేం అర్థం కాలేదు" అన్నాను.

"అయితే ఇంకోసారి చేసి తీసుకురండి సార్" అంది ఫెబా.

ఆయన వెళ్లాక దిగులుగా నా పక్కన కూర్చుంది. "ఏ మాట అర్థం కాలేదమ్మమ్మా?"

"అన్నీ అర్థమయ్యాయే. మొదటిసారే అర్థమయ్యాయి. నిన్ను ఏడిపించినోడు, ఇంకో నాలుగుసార్లు తిరగనీ."