మేకులు కొట్టిన బ్యాటు

చిత్తూరులో బాలికల సాఫ్ట్‌బాల్ ఫైనల్. పాకాల జట్టు ఒక పరుగు వెనకబడి ఉంది, ఇంకొక్కరు అవుటైతే ఓడిపోయినట్టే. బేసు మీద ఒకమ్మాయి ఉండగా అలివేలమ్మ బంతిని మైదానం అవతలికి కొట్టింది. ఇద్దరూ పరుగు పూర్తి చేశారు. గెలిచామని జట్టంతా ఆమెను ఎత్తుకుంది.

అవతలి జట్టు కోచ్ వచ్చి బ్యాటు చూడమన్నాడు. అంపైరు దామోదరం పిడికి చుట్టిన గుడ్డపట్టీ విప్పాడు. పగిలిన చోట మేకులు కొట్టి ఉన్నాయి.

"మేకులు కొట్టిన బ్యాటుతో ఆడకూడదు. కొట్టినమ్మాయి అవుట్. పరుగులు చెల్లవు," అన్నాడు.

అలివేలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన అటు తిరిగాడు.

అందరూ వెళ్ళాక ఆమె ఒక్కతే ఆయన దగ్గరికి వచ్చింది.

"మాకుండేది ఈ బ్యాటొకటే సార్. పొద్దున ఆటకు ముందే మేకులు మీకు సూపించినాను. ఆడుకోండి అన్నారు గదా."

"అన్నాను."

"అప్పుడే వద్దనుంటే యాడన్నా అడిగి ఇంకోటి తెచ్చుకునేవాళ్ళం. ఎందుకు వద్దనలేదు సార్?"



"పాపమనిపించింది. మీరు గెలుస్తారని అనుకోలేదు పాపా," అన్నాడు.