కుర్చీకి ఎదురుగా

"ఇది నాది! ఈ ఆలోచన నాదక్కా!"

చిట్టి అరుపుకి, నిచ్చెనెక్కి లైట్లు సరిచేస్తున్న మనిషి కిందికి తొంగి చూశాడు. అక్క అతన్ని కాసేపు బయటికి వెళ్లి టీ తాగి రమ్మంది.

ప్రారంభోత్సవానికి పెద్దగా టైము లేదు. హాలు నిండా బొమ్మలు, ఒక్కో బొమ్మ ఎదుట ఒక్కో కుర్చీ. సముద్రం బొమ్మ ముందు, పళ్ల డాక్టరు దగ్గర రోగులు కూర్చునే బెంచీ. పూలకుండీ బొమ్మ ముందు మంగలి షాపు కుర్చీ. ఏళ్ల తరబడి ఆ బొమ్మని ఎవరు ఎక్కడ కూర్చుని చూశారో, వచ్చినవాళ్లూ అక్కడే కూర్చుని చూడాలి. అందుకే బొమ్మలన్నీ కూర్చున్నవాళ్ల కళ్లకి అందేలా బాగా కిందికి వేలాడుతున్నాయి. అచ్చం చిట్టి అనుకున్నట్టే.

ఇద్దరూ బొమ్మల ప్రదర్శనలు ఏర్పాటు చేసే క్యురేటర్లే. గ్యాలరీలకి సోమవారం సెలవు కాబట్టి ఊళ్లో క్యురేటర్లంతా ఆ రోజు ఎవరో ఒకరి స్టోర్‌రూములో చేరతారు. చెక్కపెట్టెల మీద కూర్చుని, చేయబోయే ప్రదర్శనల గురించీ, పట్టని నిద్రల గురించీ, ఊరికే ముంచుకొచ్చే భయాల గురించీ చెప్పుకుంటారు. అక్కడ విన్నది అక్కడే వదిలేసి వెళ్లాలి. ఆ నియమం పెట్టింది కూడా, అందరికంటే పెద్దదని అంతా అక్కా అని పిలిచే ఈవిడే.

"ముందు కూర్చోవే. కాసిని మంచినీళ్లు తాగు," అంది అక్క.

"నాకేం వద్దు. నమ్మి చెప్పుకుంటే, చెప్పిందంతా తెచ్చి గోడకెక్కించావు. పైగా గుమ్మం దగ్గర నీ పేరు, ఇంతింత అక్షరాలతో!"

"మెల్లిగా. నిద్ర పడుతోందా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదమ్మా. మాత్రలు వేసుకుంటున్నావా అని అడుగుతున్నా."

చిట్టికి ఒళ్లు మండింది. మండుతూనే జవాబు కూడా చెప్పింది. అక్క గొంతు అలాంటిది మరి, అడిగితే చెప్పకుండా ఉండలేం. "వేసుకుంటున్నా. డాక్టరు తగ్గించాడు."

"అనుకున్నా. తొందరపడి తగ్గించాడు." అక్క చిట్టి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. "కుర్చీల సంగతి నీకు చెప్పింది నేను. నువ్వు విన్నావు. మనసులో తిప్పుకుని తిప్పుకుని నీదే అనుకున్నావు. నీ తప్పేం లేదు, ఆ రోజుల్లో నీ పరిస్థితి అది."

"కాదు. నేనే చెప్పాను."

"ఎప్పుడు?"

"అదే... బాగా వాన పడిన రోజు."

"ఎవరెవరున్నారు?"

చిట్టి తడుముకుంది. "అందరూ వెళ్లిపోయారు. నువ్వూ నేనే ఉన్నాం."

"చూశావా! పోనీ, ఇంటి తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టి ఊరంతా వెతికిందెవరు? 'నా బుర్ర నాకే అబద్ధాలు చెబుతోందక్కా' అన్నదెవరు? నేనన్నానా?"

అన్నది చిట్టే. కన్నతల్లికి కూడా చెప్పుకోలేని మాట అది. ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పింది, ఆ మనిషి దాన్ని తీసి చిట్టి మొహం మీదే కొట్టింది. నొప్పి పుట్టాలి నిజానికి. కానీ నొప్పికంటే ముందు భయం పుట్టింది. ఆలోచన పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. బుర్రే పోతే? అక్క చెప్పిందే నిజమైతే, తనకి గుర్తున్నవాటిలో ఇంకేవేవి అబద్ధాలు? ఈ బుర్రతో ఇంక ఏ ప్రదర్శన పెట్టగలదు? రేపు పొద్దున ఏ ముఖం పెట్టుకుని ఏ గ్యాలరీ మెట్లెక్కుతుంది?

చిట్టి కళ్లు తుడుచుకుంది. "నాకేదో అయిందక్కా. లేకపోతే నీ మీదికి ఇలా వస్తానా? ఏమీ అనుకోకు."

"ఊరుకోవే పిచ్చిదానా!" అక్క ముద్దుగానే అంది. దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. "ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడే ఒకరికొకరం? రేపు నేనే వస్తా, డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం."

చిట్టి తలూపింది. లేస్తూ లేస్తూ పూలకుండీ బొమ్మ ఓ పక్కకి ఒరిగి ఉంటే సరిచేసింది. బుర్ర మీద నమ్మకం లేకపోయినా చేతులు మాత్రం పని మరిచిపోలేదు. అది చూసి అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పెద్ద గండం గడిచిన మనిషిలా తేలికపడింది.

"వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, లోపలి గది కూడా చూసిపెట్టు. పొద్దుట్నించీ అక్కడే కొట్టుకుంటున్నా," అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

చివరి గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. చక్రాల కుర్చీ. ఎదుటి గోడకి మేకు కొట్టారుగానీ బొమ్మ లేదు. చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది.

బయట కార్ల తలుపులు పడుతున్న చప్పుడు. వచ్చే పెద్దలకి ఖాళీ గోడ చూపించడం కంటే క్యురేటర్‌కి తలవంపులు ఇంకోటి ఉండవు. అక్క నుదుటి మీద చెమట తుడుచుకుని, చిట్టి చెవి దగ్గరికి వంగి గబగబా అడిగింది.

"ఆ వాన రోజు మీ నాన్న కుర్చీ దాకా చెప్పి, ఏడుస్తూ అక్కడే ఆపేశావు. ఇంతకీ దీనికి ఎదురుగా ఏ బొమ్మే?"