అద్దం మీది పాచి

పక్కింటి ఫిల్లిస్ కళ్లారా చూసిందట. తెల్లారకముందే, వీధి దీపాలైనా ఆరకముందే, ముసలాయన ఆర్విడ్ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, హాల్లోని చేపల తొట్టిలో చెయ్యి ముంచి ఏదో కలుపుతున్నాడట. వాకిట్లో మంచు ఎత్తుతున్న ఆయన అల్లుడు డెన్నీ చెవిన ఆవిడ ఆ మాట వేసింది. అతను బూట్లయినా దులుపుకోకుండా లోపలికొచ్చి పెళ్లాం కార్లా చెవిన వేశాడు.

“ఇవాళ చేపలు, రేపు పొయ్యి అంటోంది. వాళ్ల అత్తగారికీ మతి పోవడం ఇలాగే మొదలైందట.”

“ఆవిడకి మన కిటికీ తప్ప వేరే టీవీ లేదు,” అంది కార్లా. అనడమైతే అంది గాని, కాఫీ కప్పు పక్కన పెట్టేసింది.

ఆమె ముచ్చటపడి పెంచుకుంటున్న రంగు చేపల తొట్టి అది. అద్దాలు పచ్చగా పాచి పడుతున్నాయని పాచి తినే, వేలెడు లేని చేపలు తెచ్చి వేసింది. వేసినవి వేసినట్టే చస్తున్నాయి. రాత్రి చచ్చినదాన్ని ఫ్రీజర్లో బఠాణీల పక్కన దాచింది. చచ్చిన చేపా, సీసాడు తొట్టి నీళ్లూ పట్టుకెళితేనే దుకాణంలో బదులు చేప ఇస్తారు.

“శనివారం వచ్చి గది చూసుకోమన్నారు ఆ వృద్ధుల హోమ్ వాళ్లు,” అన్నాడు డెన్నీ గొంతు తగ్గించి. “రాలేమని చెప్పలేదు నేను.”

“మా నాన్నని ఇంట్లోంచి పంపే మాట నా ముందు ఎత్తకు. ముందు ఈ చేపల సంగతి తేలనీ.”

అంతలో ఆర్విడ్ తన కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆవుల్ని అమ్మేసి కూతురింటికి వచ్చినా ఒంటినిండా తొడిగే ఆ పనిబట్టలు మానలేదు. కప్పు కడగబోయాడు.

“అక్కడ పెట్టు నాన్నా, మెషీన్లో వేస్తాను.”

పెట్టాడు. తలుపు దగ్గరున్న పార అందుకున్నాడు.

“ఆ పని నాది మామయ్యా. మీరు జారిపడితే నాకు తిట్లు,” అంటూ డెన్నీ లాగేసుకున్నాడు.

ఆర్విడ్ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తొట్టిలో ఏం కలుపుతున్నావని అడగడానికి కార్లాకి నోరు రాలేదు. ఏ సమాధానం వినాల్సొస్తుందోనని భయం. చేపని సంచిలో వేసుకుని దుకాణానికి బయల్దేరింది.

దుకాణం రొక్సాన్‌ది. సీసాలోని నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేసి, రంగు చూసి, పెదవి విరిచింది.

“నీళ్లు బంగారంలా ఉన్నాయి.”

“సబ్బేదైనా కలిసిందేమో.”

“సబ్బు నా చుక్కలకి దొరకదు గాని, కలిస్తే నీ రంగు చేపలు బతుకుతాయా? అవెలా ఉన్నాయి?”

“నిక్షేపంగా ఉన్నాయి.”

రొక్సాన్ చచ్చిన చేపని అరచేతిలో వెల్లకిలా తిప్పింది. “ఈ కడుపు చూడు, వీపుకి అంటుకుపోయింది. ఇది ఆకలి చావు తల్లీ. అద్దం మీద పాచి ఉందా?”

“మచ్చుకి కూడా లేదు. ఇవొచ్చాక తొట్టి తళతళా మెరుస్తోంది.”

“తిన్నదానికి పొట్ట ఉండాలి కదా. పాచి పోయింది, వీటి కడుపులోకి మాత్రం రాలేదు. మీ ఇంట్లో ఎవరో వీటి ముందు కంచం లాగేస్తున్నారు.” చేపని మళ్లీ సంచిలో పడేసి కార్లా చేతిలో పెట్టింది. “వెనక అద్దం పచ్చబడనీ. జుకినీ కాయ ముక్క కాస్త ఉడికించి వెయ్యడం నేర్చుకో. అందాకా నీకు కొత్తవి ఇవ్వను. పస్తు పెట్టే ఇంటికి పిల్లనిస్తామా?”

కార్లా ఇంటికొచ్చేసరికి మామా అల్లుళ్లు వంటింటి బల్ల దగ్గర ఉన్నారు. ఆమె బూట్ల మంచు కరిగి నేలంతా మడుగు కట్టింది. ఆర్విడ్ తుడిచే గుడ్డ కోసం లేచాడు.

“నువ్వు కూర్చో నాన్నా. డెన్నీ తుడుస్తాడు.”

కూర్చున్నాడు. కార్లా సంచి బల్ల మీద పెట్టింది.

“పొద్దున్నే తొట్టిలో ఏం కలుపుతున్నావు?”

“కలపడమేంటి? అద్దం గీకుతున్నా, పాత గడ్డం బ్లేడుతో. ఊడిన పాచి వలతో తీసి పారబోస్తున్నా.”

“రోజూనా?”

“పాలు పితికే వేళకి మెలకువ వచ్చేస్తుంది. ఆవుల నీళ్ల తొట్టీ అలాగే గీకేవాణ్ని.”

డెన్నీకి గుండె బరువు దిగింది. గుడ్డ పట్టుకునే నవ్వాడు. “మామయ్య మతికేం కాలేదు. ఫిల్లిస్‌దే పోయింది. శనివారం సంగతి వాళ్లకి ఫోన్ చేసి వద్దనేస్తాను.”

కార్లా నవ్వలేదు. “ఆ పాచి తినడానికే కదా నాన్నా వీటిని తెచ్చింది. నువ్వు గీకేస్తుంటే అవి పస్తులుండి చచ్చాయి. నీకేం తెలుసులే పాపం.”

“ఎందుకు తెలీదు? ఆవుల తొట్టిలో పాచికని నేనూ చేపల్ని వేసేవాణ్ని.”

డెన్నీ తుడవడం ఆపాడు.

“తెలిసీ చంపావా?” అంది కార్లా. “ఎందుకు?”

ఆర్విడ్ సంచిలోని చేప వంకా చూశాడు, కూతురి వంకా చూశాడు.

“ఈ ఇంట్లో నువ్వు నాకు మిగిల్చిన పని అదొక్కటే. దానిక్కూడా పనివాళ్లని తెచ్చావు.”