ఇంటి రూపాయి

హాలు గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌ని చూడగానే మీనాకుమారి కాళ్ళు ఆగిపోయాయి.

"ఆడెందుకు వదినా ఇక్కడ?"

"బళ్ళు అడ్డంగా ఎట్టకండా సూడ్డానికి. పద పద," అంటూ పక్కింటి సుజాతమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

ఝపటాపూర్ పేటలో ఆ హాలుని మామూలుగా పెళ్ళిళ్ళకి ఇస్తారు. ఆ ఆదివారం మాత్రం పాత నాణేల వేలం. పెళ్ళివారి సింహాసనాలు ఓ మూలకి నెట్టి వేదిక మీద బల్ల వేశారు. గుమ్మంలో ఇచ్చిన నంబరు అట్ట పట్టుకుని మీనాకుమారి ఆఖరి వరసలో, ఫ్యాను గాలి తగలని చోట కూర్చుంది. ముందు కూర్చుంటే అందరూ తననే చూస్తారని భయం.

ఆమె వచ్చింది ఒక్క రూపాయి కోసం. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 నాటి వెండి రూపాయి. దొరకడం కష్టం అంటారు. అది ఆమె ఇంట్లోంచి బయటికి పోయింది. కొడుకు హరిబాబు మాటమాత్రం చెప్పకుండా గోల్‌బజార్లో ఎవరికో అమ్మేశాడు. చేతులు మారి మారి ఇప్పుడు ఈ బల్ల మీదికి చేరింది. వేలం వాళ్ళు ఫోనులో పెట్టిన ఫొటో చూడగానే గుర్తుపట్టింది. అంచు దగ్గర సన్నటి నొక్కు. ఇంకెవరి కంటికీ ఆనదు.

అది తిరిగి ఇంటికి చేరాలి. అప్పటిదాకా ఆమెకి అన్నం సహించదు, కన్ను మూతపడదు.

"మీ మామగారికి ఎన్నుండేవేటే ఇలాటివి?" సుజాతమ్మ అడిగింది. "మొన్న మిడ్నాపూర్ తీసుకెల్లినావు. అంతకు ముందు బాలాసోర్. ముసిలాయన రైల్వే వర్క్‌షాపులో పనిసేసినాడా, జమీందారీ ఏలినాడా?"

"ఓ డబ్బాడుండేవి," అంది మీనాకుమారి ఎటో చూస్తూ.

"ఆడు అమ్మీడం, నువ్వు కొనీడం. పిల్లోడికి రెండు తగిలించకూడదా?"

"సేతిలో పనున్నోడు వదినా. బుద్దే..." మిగతాది మింగేసింది.

పాట మొదలైంది. ఏవేవో రాగి నాణేలు, పాత నోట్లు అమ్ముడుపోతున్నాయి. ఉక్కపోత. మీనాకుమారి నంబరు అట్టతో విసురుకోబోయింది. సుజాతమ్మ గభాలున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మా, ఇసనకర్రనుకున్నావేటి? ఊపినావంటే ఆ రాగి డబ్బులు నీకే అంటగట్టేస్తారు!"

ఎట్టకేలకు రూపాయి వంతు వచ్చింది. తెర మీద రాజుగారి తల గుమ్మడికాయంత వెలిగింది. మీనాకుమారి దాన్ని తేరిపార చూడలేకపోయింది.

"దస్ హజార్!" అన్నాడు వేలం పాడే పెద్దాయన.

ఆమె అట్ట ఎత్తింది. ముందు వరసలో మూడు అట్టలు లేచాయి. పాట ఇరవై వేలు దాటేసరికి ఇద్దరు తప్పుకున్నారు. కోల్‌కతా నుంచి వచ్చిన కళ్ళజోడు వ్యాపారి ఒక్కడే మిగిలాడు. అతను వెనక్కి తిరిగి నవ్వుతూ హిందీలో అన్నాడు.

"వదిలెయ్యండి దీదీ, మీకెందుకు? నేనైతే ముంబయి పంపి, పరీక్ష చేయించి, సర్టిఫికెట్‌తో అమ్ముకుంటాను."

ముంబయి అనేసరికి ఆమె అట్టని రెండు చేతులా బిగించి పట్టుకుంది. అది అంత దూరం పోయిందంటే ఇక తను చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

అట్ట ఎత్తింది. అతనూ ఎత్తాడు. మళ్ళీ ఎత్తింది. చెయ్యి లాగేస్తోంది. నిన్న గాజులు అమ్మి సంచిలో పెట్టుకొచ్చిన డబ్బుని పాట ఎప్పుడో దాటిపోయింది.

"సాల్లేవే మీనా, ఒగ్గీ," సుజాతమ్మ చెవిలో గొణిగింది. "ఎంత పాతదైనా రూపాయే కదా. మిగతా డబ్బు ఎక్కడ తెస్తావు?"

"సెవులవి ఉన్నాయి కదా. రేపు అమ్మీసి కట్టేస్తాను."

వ్యాపారి మళ్ళీ అట్ట ఎత్తాడు. మీనాకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. తనకి వచ్చిన హిందీలో గట్టిగా అనేసింది.

"దాదా, అది మా ఇంటిది. మా ఇంటికే పోవాలి. నీకు దణ్ణం పెడతాను."

కళ్ళజోడాయన ఆమె వంక చూశాడు. బోసి చేతులూ, చెమటకి తడిసిన చీరా చూశాడు. మెల్లగా అట్ట ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"ఠీక్ హై దీదీ. ఇంటి వస్తువు ఇంటికే పోనీండి."

సుత్తి దెబ్బ పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పక్క వరసలో ఒక ముసలాయన "కొడుకులు అమ్ముతారు, తల్లులు విడిపించుకుంటారు" అని బెంగాలీలో అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. సుజాతమ్మ కూడా ముక్కు చీదింది.

మీనాకుమారి మాత్రం ఏడవలేదు. మిగతా డబ్బుకి మర్నాటి దాకా గడువు అడిగి, హామీగా చెవులవి తీసి అక్కడే పెట్టి, రూపాయిని కొంగున ముడేసుకుంది. కానిస్టేబుల్ పక్కనుంచి తల వంచుకుని నడిచి రిక్షా ఎక్కింది. తాల్‌బగీచాలో ఇల్లు చేరేదాకా ఆ ముడి మీంచి చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చి, వీధి తలుపు గడియ పెట్టి, వెనక గదిలో వంచిన తల ఎత్తకుండా నాణేల కొత్త అచ్చు చెక్కుతున్న హరిబాబు ముందు ఆ రూపాయి పడేసి, గోడకి జారగిలబడి అడిగింది, "నువ్వు సేసినవి బయట ఇంకా ఎన్ని తిరగతన్నాయిరా నాయినా?"