ఒక్క గంట నెట్ పరీక్ష

పదిన్నరకి నెట్టక్క నాలుగో అంతస్తు తలుపు తట్టింది.

"నెట్ పరీక్ష ఉందమ్మా. పదకొండు నుంచి పన్నెండు దాకా ఎవరికీ నెట్ ఉండదు."

"మొన్నేగా చేశారు అక్కా?"

"మొన్నటిది వేరు."

వేరే మరి. ఇవాళ్టిది అసలు పరీక్షే కాదు. పదకొండింటికి నెట్టక్క భర్తకు ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. గిడ్డంగి మేనేజరు ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైనా, "మా ఆయనది ఇంటి నుంచే పని" అని బిల్డింగంతా చెప్పుకుంది. ఇప్పుడు ఇంటర్వ్యూ అని ఏ నోటితో చెబుతుంది?

ఐదంతస్తులకీ కలిపి ఒకటే కనెక్షన్. ఆ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ నిలవదు కాబట్టి అందరూ చందాలేసుకుని పెట్టించుకున్నారు. కింది ఇంటి వైఫై పెట్టె పై ఇంటి పెట్టెకి అందిస్తుంది, అది ఆపై ఇంటికి. నీళ్ళ బిందె చేతులు మారినట్టు. చిట్టచివర ఆమె ఉండే ఐదో అంతస్తుకి చేరేసరికి బిందెలో అడుగు చుక్కలే మిగులుతాయి.

పెట్టెలు బిగించినతని వెనక రెండు గంటలు తిరిగినందుకు ఆమెకి నెట్టక్క అన్న పేరొచ్చింది. అది వెక్కిరింత అని కూతురు చెప్పినా, ఆమె బిరుదుగానే తీసుకుంది. ఆమె ఫోన్‌లో ఒక్కో ఇంటికీ ఒక్కో మీట ఉంది. నొక్కితే ఆ ఇంటికి నెట్ ఆగుతుంది, పెట్టె మాత్రం పై ఇంటికి అందిస్తూనే ఉంటుంది.

మూడో అంతస్తు పెద్దాయన గుమ్మంలోనే అడ్డం పడ్డాడు.

"మరి నా వార్తలు?"

"పన్నెండింటికీ అవే వార్తలుంటాయి బాబాయిగారూ."

రెండో అంతస్తులో నెల క్రితం దిగిన అమ్మాయి అసలు ఒప్పుకోలేదు.

"పదకొండింటికి నాకు ఆఫీసు పనుందండీ."

"ఆఫీసెక్కడికీ పారిపోదులేమ్మా."

"కనీసం అరగంటైనా..."

"నీ ఒక్కదానికి వదిలితే పరీక్ష చెడుతుంది."

ఆ అమ్మాయి చూస్తుండగానే మీట నొక్కేసింది. ఇంత గట్టిగా మాట్లాడటం తనకెప్పుడొచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. అత్తగారి దగ్గర పదేళ్ళున్నా ఒక్కసారీ రాలేదు.

కింది ఇల్లు కూడా ఆపేసి, ఆయాసపడుతూ పైకొచ్చింది. భర్త పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో సిద్ధంగా ఉన్నాడు.

"చూడండి, ఎప్పుడూ మూడు దాటని నెట్ స్పీడు తొంభై మూడుకెళ్ళింది."

"ఇంతమందిని ఆపడం ఏం బాగుందే?"

"మీరు నిటారుగా కూర్చోండి ముందు."

పదకొండయింది. తెరమీద ఆయన ముఖం అద్దంలో కన్నా స్పష్టంగా ఉంది. పక్కన మాత్రం ఖాళీ. 'అవతలివారి కోసం ఎదురుచూస్తున్నాం' అని అక్షరాలు.

పదకొండుంపావు. ఆమె మూలన నిలబడి, ఊపిరి పీల్చినా నెట్ ఖర్చవుతుందన్నట్టు బిగబట్టుకుంది.

పదకొండున్నర. చొక్కా చంకల దగ్గర తడిసింది.

"నన్ను వద్దనుకున్నారేమోనే."

"అవేం మాటలండీ. వాళ్ళవైపు నెట్ సరిగ్గా లేదేమో." గొంతు సవరించుకుంది. "ప్రతి బిల్డింగులోనూ నాలాంటిది ఉండొద్దూ."

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆయన చూడలేక కళ్ళు మూసుకున్నాడు. ఆమే కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయవలసిన మా మేనేజరు గారి ఇంట్లో, ఐదో అంతస్తు ఆవిడెవరో పరీక్ష పేరుతో నెట్ ఆపేసినందువల్ల, ఆమె ఈ ఉదయం మీతో మాట్లాడలేకపోయారని తెలియజేయడానికి చింతిస్తున్నాం."